స్పీకరు పెట్టెకు రంధ్రం ఎక్కడ? లోపల దూది ఎంత?

మన గోడపత్రిక సైన్సు శీర్షికలో ఈసారి స్పీకరు పెట్టె గురించి తెలుసుకుందాం. ధ్వని పాఠంలో శృతిదండం, కంపనం, పౌనఃపున్యం, అనునాదం అని చదివాం. నిర్వచనాలు బట్టీ పట్టి పరీక్షలో రాశాం. అవే మాటలు ఒక చెక్కపెట్టెలో ఎలా పనిచేస్తాయో చూస్తే ఇక మర్చిపోవడం ఉండదు.

ఇది మనకెందుకు?

పాత టీవీలోంచో, మూలపడిన టేపురికార్డరులోంచో స్పీకరు ఊడదీసి, ప్లైవుడ్ ముక్కలతో డబ్బా కొట్టి పాటలు వినడం చాలామందికి సరదా. డబ్బా కొట్టేటప్పుడు రెండు ప్రశ్నలు వస్తాయి. రంధ్రం పెట్టాలా, పెడితే ఎక్కడ? లోపల దూది వేయాలా, వేస్తే ఎంత? ఎక్కువమంది ఎవరో చెప్పారని ఒక రంధ్రం కోసేస్తారు, దొరికిన గుడ్డపీలికలు కుక్కేస్తారు. పాట పెడితే ధుం ధుం అని మోగుతుంది, బాగుందంటారు. అదే డబ్బాని ప్రార్థన సమయంలో మైకుకి తగిలిస్తే మాత్రం మాట గుంయ్ మంటుంది. వెనక వరసలో ఉన్న చిన్నపిల్లలకి సారు చెప్పింది సగమే అర్థమవుతుంది.

ఈ సగం అనేది చిన్న విషయం కాదు. బాట, మాట, పాట అనే మూడు మాటలు తీసుకోండి. మొదటి హల్లు ఒక్కటే తేడా, మిగతాదంతా ఒకటే. అచ్చుల బలం చాలావరకు 1000 హెర్ట్జ్ లోపు ఉంటుంది. స, శ, చ, త వంటి హల్లుల గుర్తు 2000 హెర్ట్జ్ పైన ఉంటుంది, బలం కూడా తక్కువ. కింది స్థాయి శబ్దం గట్టిగా మోగితే అది పై స్థాయి శబ్దాన్ని కప్పేస్తుంది. అంటే డబ్బా ఎంత గుంయ్ మంటే హల్లు అంత మాయమవుతుందన్నమాట. తెలుగు బాగా వచ్చినవాళ్ళు సందర్భాన్ని బట్టి మాట ఊహించుకుంటారు. కానీ మనలో చాలామందికి ఇంటి భాష కోయ. అది తెలుగుకి బంధువే గానీ వేరే భాష. మూడో తరగతిలో కొత్తగా చేరిన తమ్ముడు పోయిన హల్లుని ఊహించుకోలేడు. వాడికి తెలివి లేక కాదు, వాడి చెవిదాకా ఆ హల్లు రానే లేదు.

ఇంకో సంగతి. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. కుక్కునూరు, వేలేరుపాడు మండలాల్లో ఊళ్ళు మునిగాయి. అలాంటి రోజున మైకులో ఎప్పుడు బయల్దేరాలి, ఎక్కడికి వెళ్ళాలి అని చెప్పే రెండు ముక్కలూ స్పష్టంగా వినపడాలి. కాబట్టి స్పీకరు పెట్టె అంటే పాటల సరదా మాత్రమే కాదు.

1. స్పీకరుకి అసలు పెట్టె ఎందుకు?

స్పీకరులో కాగితపు కోను ముందుకీ వెనక్కీ కదులుతుంది. కోను వెనక తీగచుట్ట, దాని చుట్టూ అయస్కాంతం ఉంటాయి. ఈ రకం స్పీకరుని అమెరికాలో రైస్, కెల్లాగ్ అనే ఇద్దరు 1925లో ప్రకటించారు. మనం వాడేవి ఇప్పటికీ ఎక్కువగా ఆ పద్ధతివే.

కోను ముందుకి వచ్చినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనక గాలి పలచబడుతుంది. పెట్టె లేకపోతే ముందు నొక్కుకున్న గాలి అంచు చుట్టూ తిరిగి వెనక్కి జారిపోతుంది. ఒకటి కూడిక, ఒకటి తీసివేత, మొత్తం సున్నా. కింది స్వరాల తరంగదైర్ఘ్యం కోను కంటే చాలా పెద్దది కాబట్టి ఈ నష్టం వాటికే ఎక్కువ. ఉత్త స్పీకరు కీచుగా వినపడేది అందుకే.

ప్రయోగం: పెద్ద అట్ట తీసుకొని మధ్యలో స్పీకరంత రంధ్రం కోయండి. పాట మోగుతుండగా స్పీకరుని ఆ రంధ్రానికి ఆనించండి. వాల్యూము పెంచకుండానే కింది స్వరాలు పెరుగుతాయి. ముందు గాలికీ వెనక గాలికీ మధ్య అట్ట అడ్డుపడిందన్నమాట.

2. మూసిన పెట్టె

అట్టని నాలుగు వైపులా మడిచి వెనక కూడా మూసేస్తే పెట్టె అవుతుంది. వెనక శబ్దం లోపలే ఉండిపోతుంది. అయితే లోపలి గాలి స్ప్రింగులా పనిచేస్తుంది. సూది తీసేసిన సిరంజి కొనని వేలితో మూసి వెనక నొక్కి చూడండి. కొంచెం లోపలికి పోయి తిరిగి తోస్తుంది. పెట్టె చిన్నదైన కొద్దీ ఈ స్ప్రింగు గట్టిపడుతుంది, కోనుని బిగబడుతుంది, కింది స్వరాలు తగ్గుతాయి. అమెరికాలో ఎడ్గార్ విల్చర్ 1954లో ఈ గాలి స్ప్రింగునే ఉపయోగంగా మార్చి, చాలా మెత్తగా కదిలే కోనుతో చిన్న మూసిన పెట్టె తయారుచేశాడు.

మూసిన పెట్టెలో మంచి గుణం ఉంది. శబ్దం ఆగమంటే ఆగుతుంది. పని సులువు. చిన్నచిన్న పొరపాట్లని ఓర్చుకుంటుంది.

3. రంధ్రం ఉన్న పెట్టె

ఖాళీ సీసా మూతి మీద అడ్డంగా ఊదితే బూం అని మోగుతుంది. సీసాలో కొంచెం నీళ్ళు పోసి మళ్ళీ ఊదితే శబ్దం సన్నబడుతుంది. దీన్ని జర్మనీ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ (1821–1894) వివరించాడు. సీసా మెడలోని గాలి ఒక బరువు. సీసా పొట్టలోని గాలి ఒక స్ప్రింగు. స్ప్రింగుకి బరువు తగిలిస్తే ఒకే లయలో ఊగినట్టు, మెడలోని గాలి ఒకే పౌనఃపున్యంతో లోపలికీ బయటికీ ఊగుతుంది. అదే అనునాదం.

మన కొల్లేరు గుర్తు తెచ్చుకోండి. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య అంత పెద్ద సరస్సు. సముద్రానికి పోవడానికి దారి ఒక్క ఉప్పుటేరే. సరస్సు పెద్దదై దారి ఇరుకైనా, పొడవైనా నీటి రాకపోకలు నెమ్మదిస్తాయి. సరస్సు చిన్నదై దారి వెడల్పుగా, పొట్టిగా ఉంటే త్వరపడతాయి. నీటి లెక్కా గాలి లెక్కా అచ్చంగా ఒకటి కాదు గానీ పోలిక పనికొస్తుంది. పెట్టె కొల్లేరు, గొట్టం ఉప్పుటేరు.

స్పీకరు పెట్టెకి రంధ్రం పెట్టే ఆలోచనకి బెల్ లేబొరేటరీస్‌లో పనిచేసిన ఆల్బర్ట్ థురాస్ 1930లో పేటెంటుకి దరఖాస్తు చేశాడు, 1932లో వచ్చింది. కోను వెనక శబ్దాన్ని పారేయకుండా రంధ్రం దాన్ని తిరగేసి ముందు శబ్దంతో కలుపుతుంది. పెట్టె అనునాద పౌనఃపున్యం దగ్గర కోను చాలా తక్కువ కదులుతుంది, గొట్టంలోని గాలి ఎక్కువ కదులుతుంది. పని కోనుది కాదు, గాలిది.

దీంట్లో ఒక ప్రమాదం ఉంది. ఆ పౌనఃపున్యం కంటే కిందికి పోతే రంధ్రం శబ్దం కోను శబ్దాన్ని తీసివేస్తుంది. పైగా కోనుకి వెనక నుంచి ఆపు ఉండదు, అతిగా కదులుతుంది. మైకుని నోటికి ఆనించి ప, బ అన్నప్పుడు వచ్చే ధబ్ ధబ్ శబ్దాలు అలా కోనుని చింపగలవు.

4. చిన్న లెక్క

రంధ్రం సైజు కంటిచూపుతో పెట్టేది కాదు. అన్నీ సెంటీమీటర్లలో వేస్తే సూత్రం ఇది:

పౌనఃపున్యం = 5570 × √[ రంధ్రం వైశాల్యం ÷ (పెట్టె ఘనపరిమాణం × గొట్టం లెక్కపొడవు) ]

5570 ఎక్కడిదంటే, మన ఎండలకి గాలిలో ధ్వని వేగం సెకనుకి సుమారు 350 మీటర్లు, అంటే 35000 సెం.మీ. దాన్ని 2π తో భాగిస్తే 5570 వస్తుంది. లెక్కపొడవు అంటే గొట్టం పొడవుకి కొంచెం కలపాలి. గొట్టం రెండు మూతుల బయట ఉన్న గాలి కూడా కొంత కలిసి ఊగుతుంది కదా. ఒక మూతి చెక్కతో సమంగా, రెండోది పెట్టె లోపల గాలిలో ఉంటే వ్యాసంలో 0.73 వంతు కలిపితే చాలు.

ఉదాహరణ: లోపలి కొలతలు ఎత్తు 30, వెడల్పు 24, లోతు 22 సెం.మీ.
30 × 24 × 22 = 15840 ఘన సెం.మీ.
స్పీకరు, గొట్టం ఆక్రమించే చోటు సుమారు 840 తీసేస్తే 15000, అంటే 15 లీటర్లు.
లోపలి వ్యాసం 5 సెం.మీ. ఉన్న పివిసి గొట్టం. వైశాల్యం 3.14 × 2.5 × 2.5 = 19.6.
గొట్టం పొడవు 12. లెక్కపొడవు 12 + (0.73 × 5) = 15.65.
19.6 ÷ (15000 × 15.65) = 0.0000835. వర్గమూలం 0.00914. దాన్ని 5570 తో గుణిస్తే సుమారు 51 హెర్ట్జ్.

ఇప్పుడు గొట్టం లేకుండా 12 మి.మీ. చెక్కకి ఉత్త రంధ్రం కోశామనుకోండి. రెండు మూతులూ చెక్కతో సమంగా ఉంటాయి కాబట్టి కలపవలసింది వ్యాసంలో 0.85 వంతు. లెక్కపొడవు 1.2 + 4.25 = 5.45. జవాబు సుమారు 86 హెర్ట్జ్. చూశారా, రంధ్రం అదే, పెట్టె అదే, గొట్టం తీసేస్తే 51 కాస్తా 86 అయింది. గుంయ్ మనే డబ్బాల రహస్యం చాలావరకు ఇదే. మగవాళ్ళ గొంతు మూలస్వరం సుమారు 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. ఉత్త రంధ్రం సరిగ్గా గొంతు మొదలయ్యే చోట ఉబ్బు తెస్తుందన్నమాట.

వర్గమూలం ఉంది కాబట్టి గొట్టం పొడవు రెట్టింపు చేస్తే పౌనఃపున్యం సగం కాదు. 24 సెం.మీ. గొట్టంతో లెక్క వేసి చూడండి, సుమారు 38 వస్తుంది.

5. రంధ్రం ఎక్కడ పెట్టాలి?

51 హెర్ట్జ్ శబ్దం తరంగదైర్ఘ్యం దాదాపు 7 మీటర్లు. పెట్టె అరమీటరు కూడా లేదు. కాబట్టి కింది స్వరాల వరకు రంధ్రం ముందున్నా వెనకున్నా పక్కనున్నా పెద్ద తేడా లేదు. అయితే చోటు ఎందుకు ముఖ్యం? రంధ్రంలోంచి కింది స్వరాలే కాదు, రాకూడని మధ్య స్వరాలు కూడా బయటికి వస్తాయి. అవే మాటని పాడుచేసేవి. వాటిని ఆపడానికే చోటు చూసుకోవాలి.

(అ) గొట్టం లోపలి మూతి కోను వెనక ఎదురుగా ఉండకూడదు. ఎదురుగా ఉంటే మాట శబ్దం తిన్నగా బయటికి వచ్చేస్తుంది.

(ఆ) లోపలి మూతి నుంచి ఎదుటి చెక్కకి కనీసం గొట్టం వ్యాసమంత ఖాళీ ఉండాలి. మన లెక్కలో 5 సెం.మీ. అంతకన్నా దగ్గరైతే లెక్క మారిపోతుంది.

(ఇ) మూతి మూలలో ఉండకూడదు. పెట్టె లోపల ఎత్తు వెంట ఒక స్థిర తరంగం ఏర్పడుతుంది. దాని పీడనం రెండు కొనల దగ్గర ఎక్కువ, సరిగ్గా మధ్యలో సున్నా. మూతి సగం ఎత్తులో ఉంటే ఆ శబ్దం బయటికి రావడం బాగా తగ్గుతుంది.

(ఈ) బయటి మూతి గోడకి ఆనకూడదు. కనీసం 10 సెం.మీ. వదలండి.

(ఉ) గొట్టం మరీ సన్నగా ఉండకూడదు. సన్నని దారిలో గాలి వేగం పెరిగి బుస్ బుస్ మంటుంది. మూతుల అంచులు గరుకుకాగితంతో గుండ్రంగా అరగదీయండి.

మన 15 లీటర్ల పెట్టెకి ఇవన్నీ కలిపితే ఒక మంచి చోటు దొరుకుతుంది. ముందు చెక్కకి పైభాగాన స్పీకరు బిగించండి. పక్కచెక్కకి సగం ఎత్తులో, వెనక చెక్క వైపు జరిపి గొట్టం పెట్టండి. గొట్టం అడ్డంగా లోపలికి 11 సెం.మీ. దాకా వస్తుంది. వెడల్పు 24 కాబట్టి మూతి వెడల్పులో కూడా దాదాపు మధ్యకి వస్తుంది. ఎత్తు తరంగానికీ వెడల్పు తరంగానికీ రెండింటికీ మూతి సున్నా దగ్గరే ఉంటుంది. నోటుబుక్కులో బొమ్మ గీసుకొని చూస్తే తేలిగ్గా తెలుస్తుంది.

6. లోపల దూది ఏం చేస్తుంది?

ఎదురెదురు చెక్కల మధ్య శబ్దం అటూ ఇటూ కొట్టుకొని స్థిర తరంగం అవుతుంది. దాని మొదటి పౌనఃపున్యం = ధ్వని వేగం ÷ (2 × దూరం).
30 సెం.మీ. కి 583 హెర్ట్జ్.
24 సెం.మీ. కి 729 హెర్ట్జ్.
22 సెం.మీ. కి 795 హెర్ట్జ్.

ఇవన్నీ మాట నడిచే దారిలోనే ఉన్నాయి. పాత టెలిఫోనులో మాటకి వాడింది 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే. పెట్టె ఈ స్వరాలని పట్టుకొని సాగదీస్తే డబ్బాలోంచి మాట్లాడినట్టు ఉంటుంది. మూడు కొలతలూ సమానమైతే మూడు తరంగాలూ ఒకేచోట పడి గోల మూడింతలవుతుంది. అందుకే ఘనాకారం పెట్టె వద్దు.

ఈ తరంగాల శక్తిని తినేసేది మెత్త. పీచుల మధ్య గాలి అటూ ఇటూ ఊగుతూ రాపిడికి గురవుతుంది, శబ్దశక్తి కొద్దిగా వేడిగా మారుతుంది. ఊగే వస్తువుని రాపిడితో ఆపడాన్నే అవరోధం అంటాం.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. రాపిడి కావాలంటే గాలి కదలాలి. చెక్కకి ఆనుకొని గాలి కదలదు, పీడనమే మారుతుంది. గాలి ఎక్కువ కదిలేది చెక్క నుంచి పావు తరంగదైర్ఘ్యం దూరంలో. 583 హెర్ట్జ్ తరంగదైర్ఘ్యం 60 సెం.మీ., పావువంతు 15 సెం.మీ., అంటే పెట్టె నడిమధ్య. చెక్కకి అంగుళం మందాన అంటించిన మెత్త పై స్వరాలని బాగా తింటుంది, 583ని అంతగా తినలేదు. కాబట్టి చెక్కలకి పరచడంతో పాటు, పెట్టె మధ్యలో స్పీకరు పక్కగా ఒక వదులైన ఉన్ని తెర వేలాడదీస్తే ఎక్కువ ఫలితం.

రంధ్రం ఉన్న పెట్టెలో మెత్త తక్కువగా వేయాలి. వెనక చెక్కకి, గొట్టం లేని పక్కచెక్కకి, పైచెక్కకి అంగుళం మందాన చాలు. కోనుకీ గొట్టం మూతికీ మధ్య గాలిదారి తెరిచి ఉండాలి. మూతి చుట్టూ అరచేయి మేర ఖాళీ వదలాలి. నిండా కుక్కితే గొట్టంలో గాలి ఊగదు, రంధ్రం ఉన్నా లేనట్టే.

మూసిన పెట్టెలో నిండా వేసినా తప్పు లేదు, కానీ వదులుగా. పొడుగు పీచు ఉన్ని అయితే లీటరుకి 8 గ్రాములు సరిపోతుంది. 15 లీటర్లకి 120 గ్రాములు. దీనివల్ల ఇంకో లాభం, పెట్టె ఉన్నదానికన్నా పెద్దదైనట్టు ప్రవర్తిస్తుంది. ఎలా? గాలిని నొక్కితే వేడెక్కుతుంది, వేడెక్కితే స్ప్రింగు ఇంకా గట్టిపడుతుంది. పీచులు ఆ వేడిని లాగేసుకుంటే స్ప్రింగు మెత్తబడుతుంది. న్యూటన్ ధ్వని వేగం లెక్కగట్టినప్పుడు గాలి వేడెక్కదనుకున్నాడు, ఆ సూత్రంతో 280 మీటర్లే వస్తుంది. లాప్లాస్ వచ్చి, ధ్వని త్వరగా పోతుంది కాబట్టి వేడి బయటికి పోయే సమయం ఉండదని సరిదిద్దాడు, అప్పుడు 331 వస్తుంది. పెట్టెలో ఉన్ని పరిస్థితిని న్యూటన్ వైపుకి లాగుతుందన్నమాట. లెక్క ప్రకారం గరిష్ఠంగా 1.4 రెట్లు, ఆచరణలో పది నుంచి పాతిక శాతం దాకా లాభం.

7. ఏ మెత్త మంచిది?

ఊది చూసే పరీక్ష ఒకటుంది. మెత్తని నోటికి ఆనించి ఊదండి. గాలి అసలు పోకపోతే పనికిరాదు. దోమతెరలోంచి పోయినట్టు హాయిగా పోయినా పనికిరాదు. కొంచెం కష్టపడి పోవాలి.

ఉన్ని: అన్నిటికన్నా మంచిది. ఏలూరు తివాచీలు నేసేది ఉన్నితోనే. కత్తిరింపు ముక్కలు దొరికితే వదలొద్దు. పాత ఉన్ని రగ్గు కూడా సరే, వార్డెన్ గారిని అడిగి తీసుకోండి. వాడుతున్న రగ్గు కోయొద్దు!

జనపనార: ఏలూరు జనపనార మిల్లుతో పేరుపడ్డ ఊరు. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్టుకి పేరుపడ్డ ఊరు, బస్తాలకి కొదవలేదు. చిరిగిన గోనెసంచి ఉతికి ఎండబెట్టి మూడు నాలుగు పొరలు వదులుగా మడవాలి. ఒక్క పొర చాలదు.

బూరుగు దూది, పత్తి: మన ఏజెన్సీలో బూరుగు చెట్లు ఉన్నాయి. దూది మంచిదే గానీ ఉండ కట్టి కిందికి జారుతుంది. పలచటి గుడ్డలో పరిచి దూరదూరంగా కుట్లు వేయాలి.

కొబ్బరి పీచు: డెల్టాలో ఎక్కడైనా దొరుకుతుంది. పీచు లావు కాబట్టి మందంగా, రెండంగుళాల దాకా వేయాలి.

థర్మోకోల్: కొల్లేరు చుట్టుపక్కల చేపలు, రొయ్యలు ఐసుతో పెట్టి పంపే తెల్ల పెట్టెలు చూసే ఉంటారు. థర్మోకోల్ వేడిని ఆపుతుంది, శబ్దాన్ని పీల్చదు. ఊది చూడండి, గాలి పోదు. లోపలి గదులన్నీ మూసుకుపోయి ఉంటాయి.

గుడ్ల అట్టలు: పలచన కాబట్టి 500, 700 హెర్ట్జ్ దగ్గర పెద్దగా పనిచేయవు.

గాజు ఉన్ని: శబ్దాన్ని బాగా పీలుస్తుంది గానీ మనకి వద్దు. చర్మం దురద, కళ్ళమంట, ఊపిరికి ఇబ్బంది. గొట్టంలోంచి పీచు బయటికి వచ్చే అవకాశం కూడా ఉంది.

వానాకాలం తేమకి దూది, జనపనార బూజు పడతాయి. ఏడాదికోసారి తీసి ఎండలో వేయాలి.

8. రంధ్రమా, మూతా? ఎలా తేల్చాలి?

అయస్కాంతం కోనుకి బ్రేకు లాంటిది. అయస్కాంతం పెద్దది, బలమైనది అయితే బ్రేకు గట్టిది, అలాంటి స్పీకరుకి రంధ్రం నప్పుతుంది. టీవీ స్పీకరులాంటి చిన్న అయస్కాంతం ఉన్నదానికి బ్రేకు తక్కువ. రంధ్రం పెడితే ఆగమన్నా ఆగకుండా మోగుతూనే ఉంటుంది. ఈ బ్రేకునీ పెట్టెనీ కలిపి కొలతల్లో పెట్టింది ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్. ఆయన వ్యాసం 1961లో వచ్చింది. 1970ల మొదట్లో రిచర్డ్ స్మాల్ దాన్ని పెంచాడు. ఇప్పుడు కొత్త స్పీకర్ల కాగితాల మీద ఉండే అంకెలకి వీళ్ళిద్దరి పేర్లే.

అంకెలు తెలియని పాత స్పీకరు, వినవలసింది మాట, అయితే సందేహం లేకుండా మూసిన పెట్టె, లోపల వదులుగా ఉన్ని. పాటలకి, మంచి అయస్కాంతం ఉన్న స్పీకరుకి, లెక్కవేసిన గొట్టం. ఇప్పటికే రంధ్రం కోసిన డబ్బా ఉంటే పారేయనక్కర్లేదు. రంధ్రంలో ఒక గుడ్డ ఉండ గట్టిగా దోపి మాట విని చూడండి. మాట తేరుకుంటే తప్పు రంధ్రానిదే.

గొట్టం సరిగా కుదిరిందో లేదో చూడటానికి సారు ఫోనులో స్వరాలు పలికించే యాప్ వేయమని అడగండి. తక్కువ వాల్యూములో 100 హెర్ట్జ్ నుంచి నెమ్మదిగా కిందికి దిగండి. గొట్టం మూతి దగ్గర సన్నని దారం పట్టుకోండి. కోను కదలిక తగ్గి దారం ఎక్కువగా ఊగే చోటే మీ పెట్టె పౌనఃపున్యం. లెక్కలో వచ్చినదానితో పోల్చండి. బాగా తేడా ఉంటే చెక్కల అతుకుల్లో గాలి పోతోందేమో చూసి ఫెవికాల్, రంపపుపొట్టు కలిపి పూడ్చండి.

గమనిక: ఆంప్లిఫయరుకి 12 వోల్టుల బ్యాటరీ గానీ అడాప్టరు గానీ వాడండి. గోడ ప్లగ్గుకి వైర్లు తిన్నగా దోపకండి. రంపం, డ్రిల్లు పని సారు దగ్గరుండగానే చేయండి.

9. అసలు పరీక్ష

పెట్టె తయారయ్యాక పాట పెట్టి తీర్పు చెప్పకండి. ఇలా చేయండి. ఒకరు మైకు ముందు కూర్చొని ఇరవై మాటలు వరస కలిపేసి చదవాలి. మాట, బాట, పాట, కోట, తోట, వేట, కాలు, పాలు, చాలు, వేలు, తల, కల, వల, అల, కత్తి, పత్తి, సుత్తి, బత్తి, చేను, తేనె. వెనక వరసలో మూడో తరగతి, నాలుగో తరగతి పిల్లల్ని కూర్చోబెట్టి విన్నది పలకల మీద రాయించాలి. రాయడం ఇంకా రానివాళ్ళు పక్కన ఉన్న అక్క చెవిలో చెప్పాలి. ముందు రంధ్రం తెరిచి, తర్వాత మూసి, తర్వాత మెత్త వేసి, మూడుసార్లు మాటల వరస మార్చి చేయండి. ఎవరికి ఎన్ని ఒప్పులు వచ్చాయో పట్టిక గీయండి. ఇవి పిల్లల మార్కులు కావు, పెట్టె మార్కులు. ఆ సంగతి ముందే చెప్పకపోతే చిన్నవాళ్ళు భయపడతారు.

మీరే ఆలోచించండి

1. 15 లీటర్ల పెట్టెకి 5 సెం.మీ. వ్యాసం ఉన్న గొట్టం 6 సెం.మీ. పొడవుతో పెడితే పౌనఃపున్యం ఎంత?
2. బిందె కుళాయి కింద నిండుతున్నకొద్దీ శబ్దం ఎందుకు సన్నబడుతుంది?
3. 30 సెం.మీ. ఎత్తు పెట్టెలో ఉన్ని తెర సరిగ్గా పైచెక్కకి ఆనిస్తే 583 హెర్ట్జ్ ఎందుకు తగ్గదు?
4. పాత వాల్వు రేడియోల వెనక అట్టకి బోలెడు రంధ్రాలు ఉండేవి. అవి శబ్దం కోసమా, లోపలి వేడి పోవడానికా?

జవాబులు కాగితం మీద రాసి గోడపత్రిక కింద ఉన్న డబ్బాలో వేయండి. సరైనవి పేర్లతో సహా వచ్చే సంచికలో రాస్తాం. పలకల పరీక్ష చేసినవాళ్ళు పట్టిక కూడా ఇవ్వండి, పక్కన అంటిస్తాం.